మడత సైటు, నిలువు సైటు

మా చర్చి హాల్లో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు పెడతాం. లీడ్స్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లల్లో సగం మంది ఆ కోడికూర కోసమే వస్తారని పాస్టర్‌గారికీ తెలుసు, నాకూ తెలుసు. మొన్నామధ్య ఒకమ్మాయి నా పక్కన కూర్చుని, "ఆంటీ, రిటైర్ అవ్వకముందు మీరు కేర్ హోమ్‌లో చేసేవారా, హాస్పిటల్లోనా?" అని అడిగింది. మనవాళ్ళలో నా వయసు ఆడవాళ్ళకి ఈ ఊళ్ళో ఆ రెండు దారులే ఉంటాయని ఆ పిల్ల అనుకుంది.

"రెండూ కాదమ్మా. జంతువుల పార్కులో చేశాను. చివర్లో తుపాకీ కూడా పట్టాను," అన్నాను.

నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "నిజంగానా ఆంటీ? భయం వెయ్యలేదా?"

వేసింది. ఎంత వేసిందో ప్లేటు చేత్తో పట్టుకుని చెప్పడం కుదర్లేదు. ఆ పిల్ల కోసం, ఆ పిల్లలాంటి వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

మాది గుంటూరు పక్కన. ఈ దేశంలో నర్సు ఉద్యోగం వచ్చింది మా ఆయనకి. ఆయన వెంట వచ్చినదాన్ని నేను. లీడ్స్ నుంచి బస్సులో వెళ్ళేంత దూరంలో, ఒక కొండ వాలు మీద చిన్న పార్కు ఉండేది. తోడేళ్ళు, అడవిపిల్లులు, ఒక ముసలి ఆడ ఎలుగుబంటి, ఇంకా గొర్రెల్లాంటి సాధు జీవాలు. అక్కడి వంటగదిలో క్యారెట్లు, ఆపిళ్ళు తరిగి బకెట్లలో నింపే పనితో మొదలుపెట్టాను. కొన్నేళ్ళకి జంతువుల్ని చూసుకునే కీపర్నయ్యాను. ఎలుగుబంటికి మేత పెట్టేది ఎక్కువగా నేనే.

ఇలాంటి చోట్ల ప్రమాదకరమైన జంతువు బయటపడితే ఆపడానికి, తుపాకీ శిక్షణ ఉన్నవాళ్ళు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. మత్తు సూది పేల్చే తుపాకీ వేరు, అది వెట్ దగ్గర, అంటే పశువుల డాక్టరు దగ్గర ఉంటుంది. కానీ సినిమాల్లో చూపించినట్టు సూది గుచ్చుకోగానే జంతువు పడిపోదు. మత్తు ఎక్కేదాకా దానికి కాళ్ళూ ఉంటాయి, కోపమూ ఉంటుంది. ఆ కాసేపు మనుషుల్ని కాపాడటానికి అసలు తుపాకీ. మా డ్యూటీల జాబితాలో ఒక మనిషి తక్కువపడి, హెడ్ కీపర్ కీపర్లందర్నీ షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు.

ఆయన ఆరడుగుల పైమాటే. యార్క్‌షైర్ పొలాల్లో పశువుల మధ్య పెరిగాడు. తోడేలు కంచె అవతల పళ్ళు బయటపెట్టి నిలబడితే ఇవతల నిలబడి శాండ్‌విచ్ తినేవాడు. అక్కడి అలవాటు ప్రకారం ప్రతి ఆడమనిషినీ 'లవ్' అనేవాడు. మొదటిసారి అది విన్న రోజు మా ఆయన ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

"నీ చెయ్యి వణకడం లేదు, లవ్," అన్నాడు రేంజిలో, నా వెనక నిలబడి.

"అది కాగితం కాబట్టి," అన్నాను.

"కాగితం ముందు కూడా వణికేవాళ్ళున్నారు. నువ్వు టీమ్‌లోకి వస్తున్నావు."

ఇంట్లో చెబితే మా ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "తుపాకీ లైసెన్సని పోలీసోళ్ళు మనింటికొచ్చి ఎంక్వైరీ చేస్తారా ఏంటి? బొద్దింకని చీపురుతో కొట్టమంటే నన్ను పిలుస్తావు, ఎలుగుబంటిని చంపుతావా నువ్వు?"

"చంపడానిక్కాదండీ. చంపాల్సొస్తే."

"నేను అంటున్నదీ అదే కదా."

అప్పట్నుంచి నా సెలవు రోజుల్లో నేను బాగానే నిద్రపోయేదాన్ని. తుపాకీ డ్యూటీ రోజుల్లో మాత్రం నడుముకున్న రేడియో గరగరమంటే చాలు, చేతిలో బకెట్ కింద పెట్టేసేదాన్ని. ఎలుగంటే భయం కాదు. ఒక పని నా చేతికి అప్పగించారు, అది రావాల్సిన రోజున చెయ్యి రాకపోతే? అదీ నా భయం.

పార్కులో రెండు రైఫిళ్ళు ఉండేవి. రెండింటి మీదా టెలిస్కోపులు. ఒక చలికాలం ప్రాక్టీసులో వెచ్చని గదిలోంచి బయటికి తీసుకొచ్చి కన్ను పెడితే నాకు పాలలాంటి తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. అద్దానికి ఆవిరి పట్టింది. తుడిచాను, మళ్ళీ పట్టింది. అది ఆఫీసులో చెప్పాను. అద్దాలు పనిచెయ్యనప్పుడు వాడుకోవడానికి ఐరన్ సైట్లు వేయించాలని తేలింది. "నువ్వే లేవనెత్తావు కదా లవ్, ఏది కావాలో నువ్వే తేల్చు," అని హెడ్ కీపర్ నా నెత్తిన పెట్టాడు.

ఐరన్ సైట్లంటే పెద్ద విద్య కాదు. గొట్టం చివర చిన్న పూస. వెనకవైపు చీలిక ఉన్న ఒక ఇనుప రేకు. చీలికలో పూసని నిలబెట్టి, పూసని గురి మీద పెట్టడమే. పక్కనున్న మీటలు తిప్పి టెలిస్కోపు ఊడదీస్తే అవి కంటికి అందుతాయి. ఎటొచ్చీ ఆ వెనక రేకు రెండు రకాలు. ఒకటి మడత సైటు. అక్కర్లేనప్పుడు గొట్టం మీద పడుకుంటుంది, కావాలంటే వేలితో లేపాలి. రెండోది నిలువు సైటు. ఎప్పుడూ లేచే ఉంటుంది.

దగ్గర్లో సంత జరిగే ఊళ్ళో తుపాకులు బాగుచేసే ముసలాయన ఒకడుండేవాడు. మా ఇద్దర్నీ కౌంటరు ముందు నిలబెట్టి రెండు రకాలూ చూపించాడు.

"మడతది," అన్నాడు హెడ్ కీపర్, ఆలోచించకుండానే. "ల్యాండ్‌రోవర్ జీపులో ఎక్కించాలి, దించాలి, సంచిలో దోపాలి, లాగాలి. నిలబడి ఉన్న ముక్క దేనికో ఒకదానికి తగులుకుంటుంది."

"కంగారులో లేపడం మర్చిపోతే?" అన్నాను నేను.

"మర్చిపోనంత ప్రాక్టీసు చేస్తాం."

"ప్రాక్టీసులో ఎలుగు ఉండదు కదా."

ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీకు రెండు రైఫిళ్ళున్నాయి. ఒకదానికి ఇది, ఇంకోదానికి అది వేసిస్తాను. చలికాలమంతా వాడండి. తర్వాత రెండింటికీ ఒకటే రకం పెడదాం. ఒక టీమ్‌లో రెండు రకాలు ఉండకూడదు, ఎవరి చేతికి ఏది వస్తుందో తెలియదు."

హెడ్ కీపర్ మడతది తీసుకున్నాడు, నేను నిలువుది తీసుకున్నాను. ఆ చలికాలం ప్రాక్టీసుల్లో ఆయన మాటే నిజమవుతూ వచ్చింది. ఆయన సంచిలోంచి తుపాకీ లాగడం, బొటనవేలితో రేకు లేపడం, గురి పెట్టడం, మూడూ ఒకే కదలికలా జరిగిపోయేవి. నా సైటు మాత్రం సంచి లోపలి బొచ్చుగుడ్డకి తగులుకునేది. నేను గుంజుకుంటూ ఉంటే ఆయన, "మళ్ళీ చేపేదో పడినట్టుందే," అనేవాడు. అందరూ నవ్వేవారు, నేను కూడా. చలికాలం ముగిసేసరికి మడతదే పెట్టించేద్దామని నిర్ణయానికి వచ్చాను. ముసలాయనకి ఫోన్ చెయ్యడమే మిగిలింది.

ఆ వారం తుపాను వచ్చింది. ఇక్కడి తుపాన్లు మన కోస్తా తుపాన్ల ముందు ఎంత అని మనవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. తెల్లవారి పార్కుకి వెళ్ళేసరికి గాలి ఇంకా తగ్గలేదు, వాన అడ్డంగా కొడుతోంది. సందర్శకుల్ని రానివ్వొద్దని గేటు మూసేశారు. మేం నలుగురైదుగురం కంచెలు చూసుకుంటూ తిరుగుతున్నాం. అప్పుడు రేడియోలో మా వెట్ గొంతు వినిపించింది. చదువు ముగించి ఎన్నాళ్ళో కాని అమ్మాయి. గుసగుసలాడుతోంది.

"ఎలుగు బయటుంది. కిచెన్ ముందు, చెత్త డబ్బాల దగ్గర. నేను లోపలున్నాను. మత్తు తుపాకీ నా దగ్గరే ఉంది."

చెట్టొకటి ఎలుగు కంచె మీద పడి, నిచ్చెన వేసినట్టు వాలిందని తర్వాత తెలిసింది. అప్పుడు ఏమీ తెలియదు. నా చెవుల్లో హోరు. అది గాలో, నా రక్తమో తెలియలేదు.

హెడ్ కీపరూ నేనూ తుపాకుల బీరువా దగ్గర కలిశాం. ఆయన తాళం తిప్పాడు. "టెలిస్కోపులు తీసేద్దాం. ఈ వానలో పనికిరావు," అన్నాడు. తీశాం. ఆయన తన మడత సైటు లేపాడు. నేను చూశాను, నా కళ్ళతో చూశాను. రెండు తుపాకులూ సంచుల్లో దోపి ల్యాండ్‌రోవర్ ఎక్కాం. దారిలో ఆయన ఒక్కటే మాట అన్నాడు. "యార్డులో నీళ్ళు పోవడానికి ఇనుప జాలీ ఉంది కదా. అది దాటి ఎవరి మీదికైనా వస్తే కాల్చడమే. నేను కాలుస్తాను. నువ్వు నాకు తోడు."

యార్డు మీకు కళ్ళకి కట్టాలి. ఒక చివర వంటగది. చెక్క షెడ్డు, దాని గోడకి తూటాని ఆపే బలం లేదు. వెట్ దాని లోపలుంది. ఒక పక్కన ఎత్తైన మట్టికట్ట. దానికి ఎదురుగా మేత నిలవచేసే గోదాము. మేం ల్యాండ్‌రోవర్ని వంటగదికి ఎదురు చివర, గేటు దగ్గర ఆపాం. ఎలుగు వంటగది ముందు డబ్బా బోర్లించి తల లోపల పెట్టింది. కంచె అవతల ఉన్నప్పుడు అది నాకు ముసలమ్మలా కనిపించేది. ఏ అడ్డూ లేకుండా చూస్తే దాని వీపే గది తలుపంత ఉంది.

హెడ్ కీపర్ సంచిలోంచి తుపాకీ లాక్కుని గోదాము మూలకి నడిచాడు. అక్కణ్ణుంచి కాలిస్తే ఎలుగు వెనక మట్టికట్ట ఉంటుంది. తూటా తప్పినా మట్టిలోకి పోతుంది. మంచి చోటు ఎంచుకున్నాడు. నేను ల్యాండ్‌రోవర్ వెనక నా సంచిలోంచి తుపాకీ లాగాను.

రాలేదు. సైటు బొచ్చుగుడ్డకి తగులుకుంది. మళ్ళీ లాగాను. వేళ్ళు తడిగా ఉన్నాయి. "ప్రభువా, ప్రభువా," అంటున్నాను, పైకే. కాలితో సంచిని తొక్కిపెట్టి గుంజితే గుడ్డ చిరిగి తుపాకీ బయటికొచ్చింది. కన్ను పెట్టి చూశాను. పూస కనబడదే! చీలికలో బొచ్చు ఇరుక్కుంది. గోటితో గీకాను. పూస కనిపించింది.

ఈ లోపల వంటగది కిటికీలోంచి వెట్ సూది పేల్చింది. అది ఎలుగు తొడలో దిగింది. ఎలుగు ఒక్కసారి డబ్బా విదిలించి పడేసింది. చుట్టూ తిరిగి చూసింది. దానికి కనిపించింది గోదాము మూలనున్న హెడ్ కీపర్.

దాని నడకలో తొందర లేదు. అదే భయంకరం. పరుగెత్తి ఉంటే ఏదో ఒకటి జరిగిపోయేది. తల కిందికి వేసుకుని, ఒక్కో అడుగూ తడి సిమెంటు మీద చప్పుడు చేస్తూ ఆయన వైపు వచ్చింది. జాలీ దగ్గరికి వచ్చింది. జాలీ దాటింది. దాని గోళ్ళు ఇనుము మీద గీసుకున్న చప్పుడు గాలిలో కూడా నాకు వినిపించింది.

తుపాకీ పేలలేదు.

ఆయన వైపు చూశాను. ఆయన ఎలుగుని చూడటం లేదు. తుపాకీ వైపు చూస్తున్నాడు. బొటనవేలితో గొట్టం మీద ఏదో వెతుకుతున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. సంచిలోంచి లాగినప్పుడు ఆ మడత సైటు మళ్ళీ పడుకుంది. గురి పెట్టేదాకా ఆయనకి తెలియదు. ఇప్పుడు వేలికి అందడం లేదు. వెనక్కి ఒక అడుగు వేశాడు. వీపుకి గోడ తగిలింది.

నా పూస చీలికలో ఉంది. పూస మీద ఎలుగు ఉంది. దాని వెనక, అదే గీత మీద, వంటగది గోడ. ఆ గోడ వెనక ఆ అమ్మాయి. ఆయనకి కాల్చడానికి దారి ఉంది, గురి లేదు. నాకు గురి ఉంది, దారి లేదు.

పక్కకి జరగాలి. ల్యాండ్‌రోవర్ చాటు వదిలి, గోదాము వైపు, బట్టబయలు యార్డులోకి. అలా జరిగితే ఎలుగు వెనక మట్టికట్ట వస్తుంది. ఎన్ని అడుగులో తెలియదు. కాళ్ళకి చెబుతున్నాను, అవి వినడం లేదు. ఎవరిదో కాలుని ఎత్తి పెట్టినట్టు ఎత్తి పెట్టాను. తర్వాత రెండోది.

నా కదలిక చూసి ఎలుగు ఆగింది. తల నా వైపు తిప్పింది.

మీరు ఇప్పుడు ఒకటి అనుకుంటారు. ఏళ్ళ తరబడి మేత పెట్టిన మనిషి కదా, గుర్తుపట్టి ఉంటుందని. చర్చిలో ఎవరికి చెప్పినా అలాగే అడుగుతారు. లేదు. దాని కళ్ళలో నేనెవరో లేదు. తడిసిన ముక్కు పైకెత్తి వాసన చూసింది. వెనక్కాళ్ళ మీద లేచి నిలబడింది. హెడ్ కీపర్ కంటే ఎత్తుంది.

పూసని దాని రొమ్ము మీద పెట్టాను. వెనక మట్టికట్ట ఉంది. చూసుకున్నాను, మళ్ళీ చూసుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఇంకొంచెం నొక్కితే అయిపోతుంది. నేను ఎన్నడూ ఒక్క కోడిని కూడా కోయలేదు. మా అమ్మే కోసేది. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన అదీ. దేవుడు గుర్తురాలేదు, మా ఆయనా గుర్తురాలేదు, మా అమ్మ కోడి కోసే కత్తిపీట గుర్తొచ్చింది.

ఎలుగు ముందుకి వాలింది. నా మీదికి వస్తుందనుకున్నాను. వేలు ఇంకాస్త బిగిసింది. కానీ దాని ముందుకాళ్ళు నేల మీద సరిగా ఆనలేదు. ఒకటి జారింది. ఆశ్చర్యపోయినట్టు ఆ కాలు వైపు చూసుకుంది. తాగినవాడిలా ఊగి, కూర్చుంది. తర్వాత తల ఒక్కటే నేలకి ఆనించింది. తర్వాత మిగతాదంతా మెల్లగా పక్కకి ఒరిగిపోయింది.

నేను తుపాకీ దించలేదు. వెట్ తలుపు తీసుకుని వచ్చి, పొడుగు కర్రతో దాని చెవి తట్టి చూసి, "పడుకుంది, పూర్తిగా పడుకుంది!" అని అరిచింది. అప్పుడు కూడా దించలేదు. దించలేకపోయాను. హెడ్ కీపర్ వచ్చి, నా చూపుడు వేలిని ట్రిగ్గర్ మీంచి మెత్తగా, పసిపిల్లల పిడికిలి విప్పినట్టు విప్పాడు. ఆయన వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

ఎలుగుని లోపలికి చేర్చి, చెట్టు తీయించి, కంచె బిగించేసరికి మధ్యాహ్నమైంది. వంటగదిలో టీ పెట్టుకున్నాం. హెడ్ కీపర్ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అయినా టీ అంచు దాటి ఒలికింది. వెట్ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

"రేకు అక్కడే ఉంది, లవ్," అన్నాడాయన. "నా వేలి కిందే ఉంది. ఈ చలికాలం ఎన్నిసార్లు లేపి ఉంటానో! వేలికి అది రేకని తెలియలేదు. అసలు వేలే నాది కానట్టుంది."

"నాది సంచికి తగులుకుంది," అన్నాను. ఓదార్పుగా అన్నానో, నిజంగా నా కోపమే వెళ్ళగక్కానో నాకే తెలియదు.

"విన్నాను. నువ్వు ప్రభువుని తిడుతున్నావనుకున్నాను."

"తిట్టలేదు. పిలిచాను."

వెట్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆ గోడ వెనక ఆమె ఉందని నేను ఎంతసేపు లెక్కేసుకున్నానో ఆమెకి చెప్పలేదు.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. సంచులు రెండూ ఒకలాంటివే. నా సైటు సంచికి తగులుకుని నన్ను ఆపింది. ఆపింది కాబట్టి నాకు తెలిసింది, గుంజుకున్నాను, గీక్కున్నాను. ఆయన సైటు చప్పుడు లేకుండా పడుకుంది. తన దగ్గర గురి లేదని ఆయనకి తెలిసింది ఎలుగు జాలీ దాటాకే. లోపం రెండింటిలోనూ ఉంది. ఒకటి అరిచి చెబుతుంది, ఇంకోటి చెప్పదు. అంతే తేడా. మీరు ఏ ఉద్యోగంలో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. అప్పుడు ప్రాక్టీసులో మీ చెయ్యి ఎంత చక్కగా ఆడిందో చూసుకోకండి. భయపడినప్పుడు మీరు ఎలా ఉంటారో ఆ మనిషి కోసం ఎంచుకోండి. నాకైతే ఆ మనిషితో ఆ రోజే పరిచయమైంది.

ఇంట్లో మా ఆయన షిఫ్టుకి వెళ్ళడానికి షూ లేసులు కట్టుకుంటున్నాడు. "ఏంటి, అంతలా తడిశావు? బాగా గాలేసిందా?"

"బాగా వేసిందండీ," అన్నాను. మిగతాది చెప్పడానికి నాకు వారం పట్టింది.

మర్నాడు ఎలుగు లేచింది. మత్తు దిగి, ఆకలితో తలుపు దగ్గర బుసలు కొడుతోంది. ఆపిళ్ళ బకెట్ పట్టుకుని మేత కిటికీ దాకా వెళ్ళాను. మధ్యలో అరచేతి మందం ఇనుప చువ్వలున్నాయి. బకెట్ పైకెత్తాలి, అంతే. నా చెయ్యి లేవలేదు.

హెడ్ కీపర్ వెనక నుంచి వచ్చి బకెట్ తీసుకున్నాడు. కిటికీ ముందు నిలబడ్డాడు. తోడేలు ముందు శాండ్‌విచ్ తిన్న మనిషి. ఆయనా ఎత్తలేదు. ఇద్దరం ఆ బకెట్ వైపు చూస్తూ నిలబడ్డాం. లోపల ఎలుగు విసుగ్గా గొంతులో గుర్రుమంది.

అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. తుపాకుల ముసలాయన. చలికాలం అయిపోయింది కదా, ఏం తేల్చుకున్నారని అడుగుతున్నాడు. హెడ్ కీపర్ నా వైపు చూసి ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. తల అడ్డంగా ఊపి, ఆయన్నే చెప్పమన్నాను.

ఆయన ఫోన్ తన చెవికి పెట్టుకున్నాడు.

"రెండింటికీ నిలువుదే వెయ్యండి," అన్నాడు. "సమయానికి మొరాయించడానికి మా చేతులు చాలు."